తుడిచేసిన తలలు

ఇందులో ఎవరి పేరూ రాయను. కొందరు పోయారు, కొందరు ఉన్నారు, ఉన్నవాళ్ళలో ఒకరిద్దరికి నా మీద ఇంకా కోపం ఉంది. అందుకని మనుషుల్ని బొమ్మలతో చెప్తాను. ఇది నా తెలివేం కాదు. మెక్సికోలో నహువాటల్ భాష మాట్లాడే జనం నాలుగైదు వందల ఏళ్ళ కిందట పేర్లు రాసుకున్న పద్ధతి. ముందు ఒక తల గీసేవారు. తల నుంచి సన్నని గీత లాగి, దాని చివర ఆ మనిషి పేరుని బొమ్మగా వేసేవారు. కుందేలు వేస్తే ఆయన కుందేలుగారు. ఏడు చుక్కలు పెట్టి పువ్వు వేస్తే ఏడుపువ్వుగారు. ఊరిపెద్ద అయితే తలకి ముందువైపు మొన తేలిన పట్టీ ఉంటుంది. రాజయితే నోటి ముందు చుట్ట తిరిగిన చిన్న గీత ఉంటుంది. ఆ గీతంటే మాట. వాళ్ళ భాషలో రాజు అన్న మాటకి అర్థమే మాట్లాడేవాడట.

తాడేపల్లిగూడెంలో కూర్చున్న నీకు ఇవన్నీ ఎవరు చెప్పారయ్యా అంటారా? చెప్తాను. చెప్పాలంటే నా తప్పు చెప్పుకోవాలి. ఇన్నాళ్ళూ అందుకే చెప్పలేదు.

నేను తివాచీల మనిషిని. ఏలూరులో ఒక తివాచీల కార్ఖానాలో గళ్ళకాగితం మీద డిజైన్లు గీసేవాడిని. ఒక్కో గడీ ఒక్కో ముడి. మగ్గం దగ్గర నేతగాడు ఆ కాగితం చూసుకుంటూ ముళ్ళు వేసుకుపోతాడు. చేరిన కొత్తలో నా కాగితం మీద సిరా చుక్క ఒకటి పడింది. నేను చూసుకోలేదు. నేతగాడు దాన్నీ ముడివేసేశాడు. గులాబీ రేకు నడిమధ్యలో నల్లచుక్క! యజమాని ఇంతెత్తున లేచాడు. నేతగాడు మాత్రం తాపీగా, "అయ్యగారు గీశారు, నేను కట్టానండీ. అది మచ్చో మొగ్గో నాకెలా తెలుస్తుందండీ?" అన్నాడు. ఆ రోజు తిన్న తిట్లు నాకు ముప్ఫై ఏళ్ళు జ్ఞాపకం ఉన్నాయి. కాగితం మీద మచ్చ కనిపిస్తే చాలు, నా చెయ్యి రబ్బరు వెతుక్కునేది.

కార్ఖానాలో పని తగ్గిపోయాక, యాభై దాటిన వయసులో, ఏలూరులోనే మందుల షాపు పైన మేడ మీదున్న ఒక కంప్యూటర్ ఆఫీసులో చేరాను. పాత మ్యాపులు, పాత బొమ్మలు ఫోటోలు తీసి ఎక్కడెక్కడినుంచో పంపేవారు. వాటి మీద గీతలు మళ్ళీ గీసి, కంప్యూటరుకి అర్థమయ్యేలా చేసి తిప్పి పంపడం మా పని. గీసేవాళ్ళు ఎనిమిదిమంది, సరిచూసేవాడిని నేను. అందుకని నన్ను భూతద్దం అనుకోండి.

ఆఫీసు పెట్టినతను మా తాడేపల్లిగూడెం కుర్రవాడే. ఇంటిల్లిపాదీ ఉల్లిపాయల వ్యాపారం. ఆ ఘాటు తనకి పడదని ఇటొచ్చాడు. బీరువా తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతూ ఉండేవాడు కనుక అతను తాళంచెవి. నన్ను గురువుగారూ అనేవాడు. మంచివాడే. కాకపోతే భయస్తుడు.

ఇక మిగిలింది ఆవిడ. నాలుగో నంబరు కంప్యూటరు. పెదపాడు దాటాక కొల్లేటి వైపు ఒక పల్లె నుంచి రెండు ఆటోలు మారి వచ్చేది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. భర్త చెరువుగట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుని మంచానపడితే, ఇల్లు మొత్తం ఆవిడ ఉద్యోగం మీదే నడుస్తోంది. స్క్రీను ముందు కూర్చుందంటే మెడ చాచి కదలకుండా, కొల్లేటి నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలా ఉండేది. అందుకని కొంగ. ఈ పేరు ఆవిడ ముందే పెట్టాను, నవ్వింది కూడా.

మెక్సికో పని రావడం మా అందరికీ పండగలాగే ఉంది. ఒక ఊరి జనాభా లెక్క. ఇల్లు, ఇంటి పక్కన తలలు, తలకో గీత, గీతకో పేరు. పేజీ తర్వాత పేజీ, తలలే తలలు! పులి, జింక, రెల్లు, నీళ్ళు, గద్ద. మొదట్లో మాకు నవ్వులాట. ఎవరైనా ఆలస్యంగా వస్తే "తాబేలుగారు వేంచేశారండీ" అనుకునేవాళ్ళం. పంపినవాళ్ళు ఒక సూచనల కాగితం కూడా ఇచ్చారు. ఇంగ్లీషులో ఉంది. తాళంచెవి పైపైన చదివి, "ఏముందండీ గురువుగారూ, గీత శుభ్రంగా ఉండాలంట" అని తేల్చేశాడు. నాకు కావలసిన మాట అదే.

ఆ పాత కాగితాల నిండా మచ్చలు. నీటి మరకలు, చెదలు, సిరా కారిన చోట్లు. కొన్ని తలల మీద బూడిదరంగు పులిమినట్టుంది. అన్నీ తుడిచెయ్యమన్నాను. ఏడుగురు తుడిచారు. కొంగ తుడవలేదు. ఆవిడ పేజీల్లో బూడిదరంగు తలలు అలాగే ఉన్నాయి. రిజిస్టరులో ఆవిడ పేరు దగ్గర ఎర్రసిరాతో గుర్తు పెట్టాను. మర్నాడు మళ్ళీ అదే. మళ్ళీ గుర్తు. అయిదో రోజు పిలిచాను.

"ఏమ్మా, చెప్పింది అర్థం కావట్లేదా?"

"అర్థమైందండీ. కానీ అది మరక కాదనిపిస్తోందండీ."

"మరి?"

చెప్పడానికి కొంచెం మొహమాటపడింది. "మా ఇంట్లో పాత గ్రూపు ఫోటో ఒకటుందండీ. అందులో ఎవరైనా పోతే, మా అత్తగారు ఆ మనిషి మొహం మీద కుంకం బొట్టు పెడతారండీ. ఉన్నవాళ్ళకి పెట్టరు. ఇదీ అలాంటిదేనేమోనండీ. ఈ తలలు పోయినవాళ్ళవేమో."

నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళు గీతల్లో బతికినవాడికి, ఆర్నెల్ల కిందట మౌస్ పట్టుకున్న మనిషి పాఠం చెప్పడమా! "అమ్మా, ఇది మెక్సికో. పెదపాడు కాదు. చెప్పిన పని చెయ్యి," అన్నాను. పక్కవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆవిడ వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత తుడిచింది. కానీ తుడిచే ముందు చాలాసేపు చూస్తుండేది. ఆలస్యం అవుతోందని దానికీ ఎర్రగుర్తులు పెట్టాను. మొత్తం ఇరవై మూడయ్యాయి.

మూణ్ణెల్లకి పని పూర్తయింది. అదే వారం ఆఫీసులో కాంట్రాక్టులు తిరగరాసే సమయం. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అన్నది సరిచూసేవాడి మాట మీదే. నాలుగో నంబరు ఎదురుగా "పనికి తగదు" అని రాసి సంతకం పెట్టాను. తాళంచెవి ఆవిణ్ణి పిలిచి రేపటి నుంచి రావద్దన్నాడు. టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని, "వెళ్ళొస్తానండీ" అని నాకు కూడా చెప్పి వెళ్ళింది. నేను కాగితాల్లోంచి తలెత్తలేదు.

రెండు రోజులయ్యాక సాయంత్రం పాసింజరు దిగి ఇంటికొచ్చేసరికి మా ఆవిడ నా కార్ఖానా గ్రూపు ఫోటో గోడ మీంచి దింపి తుడుస్తోంది. పక్కన కుంకం భరిణె. ఏలూరు నుంచి ఫోనొచ్చిందట. నా సిరాచుక్కని ముడివేసిన ఆ నేతగాడు పోయాడట.

"ఏవండీ, మీ పక్కన తలపాగాతో ఉన్నాయనే కదండీ?" అంటూ వేలితో కుంకం అద్ది, ఆయన నుదుటి మీద పెట్టింది.

పెద్దమనిషి పోయాడే అన్న బాధలోనే ఫోటో వైపు చూశాను. యజమాని మొహం మీద బొట్టు. లెక్కలు రాసేవాడి మొహం మీద బొట్టు. రంగులద్దే ఇద్దరి మొహాల మీదా బొట్లు. ఇన్నేళ్ళుగా మా గోడ మీదే ఉంది. రోజూ దాని కిందే కాఫీ తాగుతున్నాను. అప్పుడు కొంగ మాట గుర్తొచ్చింది. గబగబా సంచీలోంచి తుడవని అసలు పేజీ నకలు ఒకటి తీసి చూశాను. నీటి మరకైతే గీత దాటి పోవాలి. నీరు ఎక్కడైనా గీత దగ్గర ఆగుతుందా? ఈ బూడిదరంగు ప్రతి తలలోనూ అంచు దాకా వచ్చి, సరిగ్గా గీత దగ్గర ఆగిపోయింది. ఎవరో కుంచెతో పనిగట్టుకుని వేసిన రంగది. అంతటితో అయిపోలేదు. బూడిదరంగు తల పక్కన ఆడతల ఉన్నచోట, ఆవిడ బుగ్గ మీద రెండు మూడు చుక్కలున్నాయి. అవీ మచ్చలనుకుని తుడిపించాను. అవి కన్నీళ్ళు.

భర్త పోయిన మనిషి మొహం మీద కన్నీళ్ళు తుడిచేసి, ఆ భర్తని బతికించి, శుభ్రంగా ఉందని సంతకం పెట్టాను. పేజీ పేజీకీ పెట్టాను.

"ఏమైందండీ, అలా చెమట్లు పడుతున్నాయి?" అంది మా ఆవిడ. మర్నాడు పొద్దున్నే, ఈ పని పంపిన మెక్సికో మేడంతో వీడియో కాల్ ఉంది. పని ఒప్పుకుంటారో లేదో ఆ కాల్‌లోనే తేలుతుంది.

తెల్లారగానే రైలెక్కాను. భీమడోలులో ఎందుకో ఆపేశారు. పావుగంట. ఎదురు సీట్లో ఎవరో ఇడ్లీ పొట్లం విప్పుకుని, "తింటారా అండీ?" అన్నాడు. వద్దని తల ఊపాను. తప్పు ఒప్పుకుంటే ఆఫీసు పోతుంది, ఎనిమిది కుటుంబాలు రోడ్డున పడతాయి. ఒప్పుకోకపోతే ఎవరికి తెలుస్తుంది? ఎప్పుడో పోయిన జనం వచ్చి నన్ను అడుగుతారా? ఈ మాట నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుని సిగ్గుపడ్డాను కూడా. మళ్ళీ చెప్పుకున్నాను. ఏలూరు చేరేదాకా ఇదే వరస.

తాళంచెవికి మెట్ల మీదే చెప్పేశాను. అతని చేతిలో తాళంచెవి తిరగడం ఆగిపోయింది.

"గురువుగారూ, మీకు దణ్ణం పెడతానండీ. ఇప్పుడేం అనకండీ. వాళ్ళు పట్టుకుంటే అప్పుడు చూద్దామండీ."

"పట్టుకోకపోతే?"

"పట్టుకోకపోతే మంచిదే కదండీ!"

కాల్ మొదలైంది. స్క్రీను మీద మెక్సికో మేడం, తెల్లజుట్టు, అద్దాలు, చేతిలో కాఫీ కప్పు. నవ్వుతూనే పలకరించింది. మా పని బాగుందంది. తర్వాత నవ్వు ఆపి, "నాలుగో నంబరు ఎవరు?" అంది.

నేను చూడకముందే మొదటి వారం నమూనాగా కొన్ని పేజీలు తాళంచెవి పంపేశాడు. అందులో కొంగ పేజీలూ, వాటి మీద ఆవిడ నంబరూ ఉన్నాయి. ఆ పేజీల్లో తలలకి బూడిదరంగు ఉంది, చివరికి వచ్చిన వాటిలో లేదు, ఎందుకని మేడం అడుగుతోంది. తాళంచెవికి అది ఫిర్యాదులా వినిపించింది. పాపం, భయంలో ఉన్నాడు. "క్షమించాలి మేడం, ఆ ఆపరేటర్‌కి పని రాదు, ఇప్పటికే తీసేశాం" అని ఇంగ్లీషులో గడగడా చెప్పేశాడు.

మేడం కాఫీ కప్పు కింద పెట్టింది. ఆ క్షణంలో నాకు మేడం మొహం కనబడలేదు. టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుంటున్న మనిషి కనబడింది. నా ఇంగ్లీషు మీకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. కుర్చీ ముందుకి లాక్కుని, "మేడం, షీ కరెక్ట్. ఐ రాంగ్. ఐ సైన్ ఎవ్రీ పేజ్" అన్నాను. తాళంచెవి బల్ల కింద నా కాలు తొక్కాడు. తొక్కనిచ్చాను. గ్రూపు ఫోటో సంగతి, కుంకం సంగతి, కన్నీళ్ళ సంగతి వచ్చిన మాటల్లో చెప్పాను. రాని చోట వేలితో నా నుదురు ముట్టుకుని చూపించాను.

మేడం అంతా విని, అద్దాలు తీసి తుడుచుకుంది. సూచనల కాగితం మూడో పేజీలో ఉందట ఆ సంగతి. రంగు వేసిన తల పోయినవాడిది, రంగు వదలొద్దు అని. మేము మూడో పేజీ దాకా పోలేదు. కోపం చేసుకోలేదు కానీ మొహం గట్టిగానే పెట్టింది. పది రోజుల గడువిచ్చింది. మొత్తం మళ్ళీ చెయ్యాలి, నాలుగో నంబరు సరిచూడాలి, మీరు కాదు, అంది. లేకపోతే పని వెనక్కి తీసుకుంటామంది.

కాల్ అయ్యాక తాళంచెవి తల పట్టుకున్నాడు. "ఆవిడ రానంటే ఏం చేస్తామండీ? నేను అన్న మాటలకి నేను వెళ్ళలేనండీ." నేనే బయల్దేరాను.

ఆటో దిగి చెరువుగట్ల మధ్య నడుస్తుంటే ఎండ మొహాన కొడుతోంది. ఏమని మొదలుపెట్టాలో ఎన్ని రకాలుగా అనుకున్నానో! ఆవిడ వాకిట్లో చాట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి గబుక్కున లేచి, కొంగు సర్దుకుని, "రండి, కూర్చోండి" అని కుర్చీ వేసింది. లోపల మంచం మీద భర్త, కట్టుకట్టిన కాలు. గోడ మీద ఆవిడ చెప్పిన ఫోటో. ఎవరి పెళ్ళిలోదో. నాలుగు మొహాల మీద బొట్లున్నాయి.

"మజ్జిగ తాగుతారా అండీ?"

"నేను తప్పు చేశానమ్మా" అన్నాను. అనుకుని వచ్చినవేవీ నోట రాలేదు. "నువ్వు చెప్పిందే నిజం. వాళ్ళు పోయినవాళ్ళే."

ఆవిడ చాట పక్కకి జరిపింది. "నాకు తెలుసండీ" అంది.

"మళ్ళీ రావాలి. పది రోజులే గడువు. ఏది మరకో, ఏది రంగో నీకే తెలుస్తుంది. ఇకనుంచి సరిచూసేది నువ్వే, గీసేవాళ్ళలో నేనూ ఒకడిని."

"సోమవారం నుంచి ఐస్ ఫ్యాక్టరీలో పనికి ఒప్పుకున్నానండీ" అంది. బతిమాలడానికి నోరు తెరిచేలోపు ఆవిడే అడిగింది. "రిజిస్టరులో నా పేరు దగ్గర ఎర్రగుర్తులు ఉన్నాయి కదండీ?"

"ఇవాళే తుడిచేస్తానమ్మా. ఒక్కటి కూడా ఉండదు."

"తుడవొద్దండీ!" అంది. ఆవిడ గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు. "ఎన్ని తుడుస్తారండీ మీరు? ఉండనివ్వండి. ఒక్కోదాని పక్కనే, ఈ తప్పు ఎవరిదో రాయండి. అందరి ముందూ రాయండి. అప్పుడొస్తాను."

మర్నాడు ఎనిమిదిమందీ చుట్టూ నిలబడి ఉండగా, ఇరవై మూడు గుర్తుల పక్కనా ఇరవై మూడుసార్లు రాశాను. నాది, నాది, నాది. అప్పట్లో కిసుక్కున నవ్వినవాళ్ళు ఈసారి నవ్వలేదు. ఆవిడ చివరిదాకా చూసి, రిజిస్టరు మూసి, వెళ్ళి నా కుర్చీలో కూర్చుంది. నేను నాలుగో నంబరు ముందు కూర్చున్నాను.

ఆ పది రోజులూ ఎలా గడిచాయో అడక్కండి. పొద్దున మొదటి రైలు, సాయంత్రం ఆఖరి రైలు, మధ్యలో తలలు. తుడిచేముందు తను గీసినవన్నీ కొంగ వేరే ఫోల్డరులో దాచిందని తెలిసినప్పుడు తాళంచెవి ఆనందంతో గెంతాడు. "తుడవమన్నారని తుడిచానండీ. పారెయ్యమని అనలేదు కదండీ" అంది. మిగిలిన ఏడుగురివీ మళ్ళీ గీశాం. ఒక్కోసారి నా పేజీ తిప్పి పంపేది. "గురువుగారూ, ఇక్కడ కన్నీటి చుక్క ఒకటి తక్కువైందండీ." ఆ మాట అన్నప్పుడల్లా చెవులు వేడెక్కేవి. దిద్దుకునేవాడిని. మూడు తలలు మాత్రం మరకో మరణమో ఎవరం తేల్చలేకపోయాం. ఆ మూడింటి పక్కనా తెలియదు అని రాసి పంపమంది. నేనైతే ఏదో ఒకటి తేల్చేసేవాడిని. పదో రోజు మధ్యాహ్నం అంతా పంపేశాం. పని ఒప్పుకున్నారు.

కుర్రవాళ్ళకి నేను చెప్పగలిగేది పెద్దగా ఏం లేదు. అనుభవం అని మేం గొప్పగా చెప్పుకునేదాంట్లో సగం పాత తిట్ల భయమే. సూచనల కాగితం మూడో పేజీ దాకా చదవండి. అంతే.

నేను ఉద్యోగం మానేసిన రోజున మేడ మెట్ల మీద అందరం గ్రూపు ఫోటో దిగాం. దాని నకలు ఒకటి ఇంటికి తెచ్చుకునే ముందు, కొంగ సన్నటి పెన్ను తీసి ఒక్కో తల నుంచీ ఒక్కో గీత లాగింది. తాళంచెవికి తాళంచెవి వేసింది. నాకు భూతద్దం వేస్తుందనుకున్నాను. రబ్బరు వేసింది! అందరూ పకపకా నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత పెన్ను తీసుకుని ఆవిడ తల పక్కన కొంగని వేసి, నోటి ముందు చుట్ట తిరిగిన ఆ చిన్న గీత వేశాను. రాజులకి వేసేది. ఆవిడ చూసి, పెన్ను మూత పెట్టుకుంది.

ఆ ఫోటో ఇప్పుడు మా గోడ మీద కార్ఖానా ఫోటో పక్కనే ఉంది. కిందటేడు తాళంచెవి పోయాడు. నాకంటే ఎంత చిన్నవాడో! గుండెపోటు. మా ఆవిడ భరిణె తెచ్చింది కానీ, ఈసారి నేనే పెడతానన్నాను. కుంకం కొంచెం గీత దాటింది. తుడవలేదు.

నా తల ఇంకా శుభ్రంగానే ఉంది. రేపోమాపో దాని మీదా బొట్టు పడుతుంది. అప్పుడు మీలో ఎవరికైనా ఆ ఫోటో చేతికొచ్చి, మచ్చనుకుని తుడవబోతే, నాయనా, ఒక్క నిమిషం ఆగండి. కొంగనడగండి.